గుండె కన్నా ముందే చెబుతుంది

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే బస్సులో కిటికీ పక్కన కూర్చునేవాళ్లకు ఆ రాతలు కంఠస్థం. ఊరి చివరి గోడల మీద, కల్వర్టుల మీద, కరెంటు స్తంభాల మీద అవే మాటలు: నరాల బలహీనత, మగతనం, ఒక్క కోర్సుతో శాశ్వత పరిష్కారం, గ్యారంటీ. కింద ఒక ఫోను నంబరు. కొత్తకోట, పెబ్బేరు దాటి కృష్ణ మీద వంతెన ఎక్కితే అవతలి ఒడ్డున బీచుపల్లి. ఆంజనేయస్వామి గుడి, పుష్కర ఘాట్లు, ఆ పైన ఎర్రవల్లి చౌరస్తా, అక్కణ్నుంచి గద్వాల. ఈ దారిన పోయే మగవాడికి డాక్టరు బోర్డు కన్నా ముందు ఆ నంబరే కంటబడుతుంది.

ఆ నంబరుకు ఫోను చేసే మనిషి మనకు తెలియనివాడేమీ కాదు. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో పత్తి విత్తనం పండించే రైతు కావచ్చు, మగ్గం మీద కూర్చునే గద్వాల నేతగాడు కావచ్చు, పుణెలో ఆర్నెల్లు మేస్త్రీ పని చేసి పండక్కి వచ్చిన నాగర్‌కర్నూల్ మనిషి కావచ్చు, రిటైర్మెంటు దగ్గరపడ్డ సారు కావచ్చు. పెండ్లానికి చెప్పడు. అన్నకు చెప్పడు. తాగినప్పుడు సోపతిగాడి దగ్గర కూడా నోరు విప్పడు. అంగస్తంభన సరిగా లేదన్న ఒక్క మాట కడుపులో పెట్టుకుని ఏళ్లకేళ్లు తిరుగుతాడు. తనొక్కడికే ఈ శిక్ష పడిందనుకుంటాడు. ఈ కథనం రాయడానికి అసలు కారణం ఆ అపోహే. అతను ఒక్కడు కాడు, ఇది శిక్షా కాదు. పైగా ఆ సంగతి బయటపెడితే అతని ప్రాణం నిలబడే అవకాశం కూడా ఉంది.

ముందు లెక్కలు చూద్దాం. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1987–89 మధ్య 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్లను పలకరించి, 1994లో ఫలితాలు అచ్చువేశారు. వాళ్లలో 52 శాతం మందికి ఎంతో కొంత స్తంభన లోపం ఉంది. కొందరికి స్వల్పం, కొందరికి మధ్యస్థం, సుమారు 10 శాతం మందికి పూర్తిగా. వయసుతోపాటు ఈ చివరి రకం పెరిగింది: నలభై ఏళ్లవాళ్లలో 5 శాతం, డెబ్బై దగ్గర 15 శాతం. అది అమెరికా సంగతి, మనకెందుకంటారా? కర్ణాటకలో మైసూరు వైద్యులు దక్షిణ భారతపు పల్లె జనంలో ఇంటింటా అడిగి, 2015లో ఫలితాలు అచ్చువేశారు. మగవాళ్లలో 15.77 శాతం మందికి స్తంభన లోపం ఉందని తేలింది. అంటే ఆరుగురిలో ఒకరికి. రచ్చబండ మీద పన్నెండు మంది కూర్చుని ఉంటే ఇద్దరు. ఆ ఇద్దరూ ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే లేచి ఇళ్లకు పోతారు.

షుగర్ ఉన్నవాళ్లలో లెక్క ఇంకా ఎక్కువ. ప్రపంచంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే మధుమేహం ఉన్న మగవాళ్లలో సగం మందికి పైగా ఈ ఇబ్బంది ఉంది. షుగర్ లేనివాళ్లతో పోలిస్తే ముప్పు దాదాపు మూడున్నర రెట్లు. మరి మన దేశంలో షుగర్ ఎంతమందికి? భారత వైద్య పరిశోధన మండలి చేయించిన సర్వే 2023లో చెప్పిన అంకె 10 కోట్ల 10 లక్షలు. షుగర్ అంచున ఉన్నవాళ్లు ఇంకో 13 కోట్ల 60 లక్షలు. ఈ జబ్బు పట్నంలో ఏసీ గదుల్లో కూర్చునేవాళ్లకే అనుకునే రోజులు పోయాయి. ఎర్రవల్లిలో మెడికల్ షాపు ముందు నిలబడితే చాలు, మెట్‌ఫార్మిన్ చీటీలు పట్టుకుని వచ్చేవాళ్లలో రైతులు, హమాలీలు, డ్రైవర్లే కనిపిస్తారు.

ఒంట్లో ఏం జరుగుతుందో తెలిస్తే సిగ్గు సగం పోతుంది. కోరిక కలిగినప్పుడు మెదడు నుంచి వెన్నుపాము మీదుగా నరాలకు కబురు అందుతుంది. ఆ నరాల చివర్లలో, రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుడుతుంది. అది తగలగానే అంగంలోని మెత్తటి కండరం సడలి, ధమనులు తెరుచుకుని, రెండు స్పంజి గొట్టాల్లాంటి కణజాలాల్లోకి రక్తం వచ్చి నిండుతుంది. అవి ఉబ్బి బయటికి పోయే సిరల్ని నొక్కేస్తాయి, రక్తం అక్కడే నిలుస్తుంది. స్తంభన అంటే ఇంతే. ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఈ పనిని కనిపెట్టినందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ అనే ముగ్గురు అమెరికన్లకు 1998లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి కోరిక, నరం, రక్తనాళం, హార్మోను, మనసు, ఈ అయిదింట్లో ఏది తేడా చేసినా పని చెడుతుంది. గోడల మీద రాసేవాడు వీటన్నిటినీ వదిలేసి నరం ఒక్కదాన్నే పట్టుకున్నాడు. నిజానికి నలభై దాటినవాళ్లలో ఎక్కువసార్లు చెడేది రక్తనాళం.

ఇక్కడే అసలు విషయం ఉంది. అంగంలోకి రక్తం తెచ్చే ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తమిచ్చే ధమని 3 నుంచి 4 మిల్లీమీటర్లు. షుగరు, బీపీ, పొగ, కొవ్వు, ఇవి రక్తనాళాల లోపలి పొరను ఒళ్లంతా ఒకేసారి పాడుచేస్తాయి. జూరాల ప్రాజెక్టు కింద సేద్యం చేసేవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పనక్కర్లేదు. పూడిక పేరుకుంటే ముందు ఎండేది పిల్లకాలువ, పెద్ద కాలువలో నీళ్లు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఇటలీలోని మిలాన్ వైద్యులు ఛాతీ నొప్పితో వచ్చి, గుండె ధమనుల్లో జబ్బు ఉందని తేలిన 300 మందిని స్తంభన గురించి అడిగి, 2003లో ఫలితాలు అచ్చువేశారు. దాదాపు సగం మందికి స్తంభన లోపం ఉంది. వాళ్లలో మూడింట రెండు వంతుల మందికి ఆ ఇబ్బంది ఛాతీ నొప్పి కన్నా ముందే మొదలైంది. సగటున ముప్ఫై తొమ్మిది నెలల ముందు.

మూడేళ్లకు పైగా వ్యవధి అంటే మాటలు కాదు. ఆ మూడేళ్లలో బీడీ మానొచ్చు, షుగర్ అదుపులోకి తెచ్చుకోవచ్చు, కొలెస్టరాల్ గోలీ మొదలుపెట్టొచ్చు, గుండెను కాపాడుకోవచ్చు. మన మనిషి మాత్రం ఆ మూడేళ్లు గోడ మీది నంబర్ల చుట్టూ, మూలికల డేరాల చుట్టూ తిరుగుతూ గడిపేస్తాడు. చివరికి ఒక రాత్రి ఛాతీ పట్టుకుని కర్నూలు దవాఖానకో హైదరాబాద్‌కో పరుగెడతాడు. నలభై అయిదేళ్ల మనిషికి కొత్తగా స్తంభన తగ్గిందంటే, వేరే కారణం తేలేదాకా దాన్ని రక్తనాళాల జబ్బుగానే చూడాలని గుండె వైద్యులు ఇప్పుడు గట్టిగా చెబుతున్నారు. ఈ ఒక్క మాట పాలమూరులో, అంటే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, ప్రతి ఇంటికీ చేరితే ఎన్ని పుస్తెలు నిలబడతాయో!

కారణాలు వెతికితే మన చుట్టూనే దొరుకుతాయి. బీడీ, సిగరెట్, గుట్కా. పొగాకు రక్తనాళాన్ని ముడుచుకుపోయేలా చేస్తుంది, అందులో ఏ రకానికీ మినహాయింపు లేదు. మద్యం కొద్దిగా పడితే బెరుకు పోతుందని మొదలుపెడతారు. మోతాదు పెరిగేకొద్దీ అదే నరాల్ని మొద్దుబారుస్తుంది, కాలేయం చెడితే మగ హార్మోను కూడా తగ్గుతుంది. పాలమూరుకు ఇంకో శాపం కల్తీ కల్లు. చెట్టు మీది నుంచి దిగిన కల్లు సంగతి వేరు, డైజిపామ్, ఆల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి సీసాల్లో పోసేది వేరు. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి ఆ సరుకు ఒక్కసారిగా ఆగిపోయేసరికి, మత్తుకు అలవాటుపడ్డ జనం మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాల్లో పిచ్చెత్తినట్టై దవాఖానల పాలయ్యారు. రోజూ మత్తుమందు తాగే ఒంటికి కోరికా తగ్గుతుంది, స్తంభనా తగ్గుతుంది. ఆ తాగేవాడే తాకత్ కోసం డేరా దగ్గర లేహ్యం కొంటాడు.

కల్లు గీసేవాళ్ల సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. చెట్టు మీది నుంచి పడితే వెన్నుపూస విరుగుతుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టేదాకా గీత కార్మికులకు చెట్టెక్కే తాతల నాటి మోకే దిక్కు. వెన్ను దెబ్బతిన్నవాడికి నడక గురించి చెబుతారు, మూత్రం గొట్టం గురించి చెబుతారు, పింఛను గురించి చెబుతారు. ముప్ఫై ఏళ్ల పెండ్లైన మనిషి అడగలేక ఆగిపోయే ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పరు. నిజానికి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి స్తంభన కోసం ఇచ్చే గోలీలు పనిచేస్తాయి. జాతీయ రహదారి మీద బైకు ప్రమాదాల్లో కటి ఎముక విరిగినవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. నరమో నాళమో తెగితే చికిత్స కష్టమవుతుందేమో కానీ దారి మూసుకుపోదు.

మందుల వల్ల వచ్చే లోపం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. బీపీకి వాడే కొన్ని పాత మందులు, ముఖ్యంగా నీరు పోయేందుకు ఇచ్చే గోలీలు, అటెనలాల్ వంటివి కొందరిలో స్తంభనను తగ్గిస్తాయి. దిగులుకు, మానసిక జబ్బులకు వాడే మందుల్లోనూ కొన్నింటికి ఆ గుణం ఉంది. అది తెలిసిన మగవాడు ఎవరికీ చెప్పకుండా బీపీ గోలీ మానేస్తాడు. పదిహేను రోజులు బాగానే ఉన్నట్టుంటుంది, ఆ తర్వాత ఒక పొద్దున మూతి వంకర పోయి, చెయ్యి లేవకుండా మంచంలో దొరుకుతాడు. పక్షవాతం వచ్చిన మగవాళ్ల ఇళ్లలో అడగండి, మందు మానేశాడన్న మాట ఎన్నిసార్లు వినిపిస్తుందో. ఎందుకు మానేశాడో మాత్రం ఎవరికీ తెలియదు. ఈ దుష్ఫలితం లేని బీపీ మందులు బోలెడు ఉన్నాయి. డాక్టరుతో ఒక్క మాట అంటే చీటీ మారుస్తాడు. బీపీని వదిలేస్తే అది రక్తనాళాన్నే పాడుచేస్తుంది గనుక మందు మానడం వల్ల స్తంభన బాగుపడదు సరికదా, ముందుముందు ఇంకా దిగజారుతుంది.

కుర్రవాళ్ల కథ చాలావరకు మనసుకు సంబంధించినది. కొత్తగా పెండ్లైన అబ్బాయి, శోభనం గది, బయట వరండాలో ఇరువైపుల చుట్టాలు. అప్పటిదాకా ఆడమనిషితో నాలుగు మాటలు మాట్లాడని కుర్రవాడు ఆ రాత్రి పరీక్ష రాయాలి. బెదిరిన ఒంట్లో అడ్రినలిన్ పొంగుతుంది, అది రక్తనాళాల్ని ముడుస్తుంది, స్తంభన రాదు. రెండో రాత్రి భయం రెట్టింపు. వారం తిరక్కుండా అతను తన గురించి తీర్పు రాసేసుకుంటాడు. చిన్నప్పుడు చేతి అలవాటు వల్లే ఇలా అయిందని, ధాతువు పోయిందని పోస్టర్లు చెప్పిన మాట గుర్తొస్తుంది. హస్తప్రయోగం వల్ల నరాలు చావవు, వీర్యం పోతే బలం పోదు. ధాతువు పోతోందనే ఈ భయాన్నే ఒక మానసిక సమస్యగా గుర్తించి 1960లో ఎన్.ఎన్. విగ్ అనే మన మానసిక వైద్యుడు దానికి పేరు పెట్టారు. భయంతో వచ్చే లోపానికీ రక్తనాళం చెడి వచ్చే లోపానికీ తేడా పట్టుకోవడానికి డాక్టర్లు అడిగే మొదటి ప్రశ్న ఇది: తెల్లవారుజామున లేచేసరికి స్తంభన ఉంటుందా? ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో, కలల వేళ, రాత్రికి మూడు నుంచి అయిదు సార్లు తనంతట తానే స్తంభన వస్తుంది. అది ఉందంటే గొట్టాలు, తీగలు బాగున్నట్టే, బెరుకును తీస్తే సరిపోతుంది. అదీ తగ్గిపోతూ, నెలనెలా సన్నగిల్లుతూ ఉంటే రక్త పరీక్షలు అవసరం.

ఇక అమ్మేవాళ్ల సంగతి. జాతరల్లో, సంతల్లో, రహదారి పక్కన గుడ్డ పరిచి వేర్లు, బెరడులు, సీసాల్లో నానేసిన ఏవేవో ముక్కలు పెడతారు. వెనక వస్తాదుల ఫొటోలు ఉంటాయి. కొనేవాడు చుట్టూ చూసి, ఎరిగినవాళ్లు ఎవరూ లేరనుకున్నాకే వంగుతాడు. అమ్మేవాడు చెయ్యి పట్టి నాడి చూస్తాడు, మొహం చిట్లిస్తాడు, ఆలస్యమైందంటాడు. మొదట అయిదువందలంటాడు, తర్వాత భస్మం కలపాలంటాడు, వేలల్లోకి పోతుంది. మోసపోయానని తెలిసినా ఆ మనిషి పోలీసు స్టేషనుకు పోడు, ఏం పోయిందని రాయించుకుంటాడు? ఈ వ్యాపారానికి పెట్టుబడి అంతా కొనేవాడి సిగ్గే.

చట్టం లేక కాదు. 1954 నాటి మందులు, మంత్ర చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం లైంగిక శక్తి పెంచుతామని ప్రకటించడాన్నే నేరంగా చెప్పింది. మొదటిసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే ఏడాది దాకా జైలు. చట్టం వచ్చి డెబ్బై ఏళ్లు దాటింది. కల్వర్టు మీది నంబరుకు ఏ పోలీసైనా ఫోను చేస్తే చాలు, అవతలివాడే చిరునామా చెబుతాడు. ఎవరూ చేయరు.

కొందరికి ఆ లేహ్యం నిజంగానే పనిచేస్తుంది, అక్కడ ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. మూలికల మందులని అమ్మిన సరుకుల్లో, పైకి రాయకుండా సిల్డెనఫిల్, టడలఫిల్ అనే స్తంభన మందులు కలిపి ఉన్నట్టు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎన్నోసార్లు హెచ్చరికలు జారీ చేసింది. అంటే వేరు పొడి పేరుతో మోతాదు తెలియని ఇంగ్లిషు మందు మింగుతున్నాడన్నమాట. అతనికి గుండె జబ్బు ఉండి, ఛాతీ నొప్పికి నాలుక కింద సార్బిట్రేట్ అనే నైట్రేట్ గోలీ పెట్టుకునే అలవాటు ఉంటే, ఈ రెండూ కలిసి బీపీని ఒక్కసారిగా పడగొడతాయి. ప్రాణం పోవచ్చు. ఈ సంగతి ఇంట్లో ఆడవాళ్లకూ తెలియాలి. సిల్డెనఫిల్ వేసుకున్నాక 24 గంటలు, టడలఫిల్ వేసుకున్నాక 48 గంటలు నైట్రేట్ మందులు ముట్టుకోకూడదు. ఛాతీ నొప్పితో దవాఖానకు పోతే, ఎంత సిగ్గైనా సరే, ఏ గోలీ ఎప్పుడు వేసుకున్నదీ డాక్టరుకు చెప్పి తీరాలి. అక్కడ దాచిన మాట మనిషిని చంపుతుంది.

సిల్డెనఫిల్ పుట్టుక కూడా గుండె దగ్గరే మొదలైంది. ఇంగ్లండులోని శాండ్‌విచ్ అనే ఊళ్లో ఫైజర్ కంపెనీ ఛాతీ నొప్పికి మందు వెతుకుతూ దీన్ని తయారుచేసింది. 1990ల మొదట్లో ప్రయోగాల్లో ఛాతీ నొప్పికి పెద్దగా పనిచేయలేదు, దీన్ని మింగినవాళ్లు మాత్రం వేరే ఫలితం చెప్పారు. 1998 మార్చి 27న అమెరికా అనుమతి ఇచ్చింది, పేరు వయాగ్రా. మన దేశంలో 2005 దాకా మందు మీద పేటెంటు చెల్లేది కాదు గనుక 2001కల్లా ఇక్కడి కంపెనీలు సొంత పేర్లతో తయారుచేసి అమ్మాయి. అమెరికాలో డాలర్ల లెక్కన పలికిన గోలీ ఇక్కడ పదుల రూపాయల్లో దొరికింది. పేదవాడికి అందేంత చవక అవడం మంచిదే. చీటీ లేకుండా అమ్మకూడని ఈ మందు చీటీ లేకుండానే చేతులు మారడం చెడ్డది.

సందె వేళ మెడికల్ షాపు దగ్గర చూడండి. ఒకాయన పక్కన నిలబడి జ్వరం గోలీలవాళ్లు, పిల్లల సిరప్‌లవాళ్లు పోయేదాకా ఆగుతాడు. ఆడవాళ్లు ఎవరూ లేరని చూసుకుని కౌంటరు మీదికి వంగుతాడు. “తమ్మీ, అదొకటి.” అదంటే ఏదో ఆ పిల్లవాడికి తెలుసు. పట్టీలోంచి ఒకటి కత్తిరించి కాగితంలో చుట్టి ఇస్తాడు. మోతాదు ఎంతో, ఎప్పుడు వేసుకోవాలో, గుండె జబ్బు ఉందో లేదో, ఒక్క మాటా నడవదు. ఆయన ఇంటికి పోయి మటన్‌తో తృప్తిగా తిని, రెండు పెగ్గులు వేసి, గోలీ మింగి, పది నిమిషాల్లో ఏమీ జరగలేదని, తనకు ఇంగ్లిషు మందు కూడా పడదని నిరాశపడతాడు. మందు తప్పేమీ లేదు. కొవ్వుతో నిండిన కడుపు సిల్డెనఫిల్‌ను ఆలస్యం చేస్తుంది, మద్యం దాని పనిని చెడగొడుతుంది. తేలికగా తిన్నాక, లేదా పరగడుపున వేసుకుని, కనీసం గంట ఆగాలి. అది కోరిక పుట్టించదు, కోరిక కలిగినప్పుడు వచ్చే రక్తాన్ని నిలబెడుతుంది, అంతే. టడలఫిల్‌కు తిండితో పేచీ లేదు, ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. సరైన మోతాదులో ఆరేడు సార్లు వాడకముందే పనిచేయలేదని తేల్చేయకూడదు. తలనొప్పి, మొహం వేడెక్కడం, ముక్కు దిబ్బడ వస్తే భయపడక్కర్లేదు. నాలుగు గంటలు దాటినా స్తంభన తగ్గకపోతే మాత్రం వెంటనే దవాఖానకు పరుగెత్తాలి, ఆలస్యమైతే ఆ కణజాలం చచ్చుబడుతుంది.

గోలీ అందరికీ పనిచేయదు. షుగర్ ఉన్నవాళ్ల మీద చేసి 1999లో ప్రచురించిన ఒక పరీక్షలో సిల్డెనఫిల్ వాడినవాళ్లలో 56 శాతం మందికి మెరుగైంది, ఉత్తుత్తి గోలీ వాడినవాళ్లలో 10 శాతం మందికి. మిగిలినవాళ్లకు వేరే దారులున్నాయి. గాలి తీసి రక్తాన్ని రప్పించే వాక్యూమ్ పరికరం ఉంది. అంగంలోకి సన్నటి సూదితో ఇచ్చే మందు ఉంది, దాన్ని వైద్యుడి దగ్గర నేర్చుకుని ఇంట్లో వేసుకోవచ్చు. ఏదీ పనిచేయనప్పుడు శస్త్రచికిత్సతో లోపల అమర్చే ఇంప్లాంటు ఉంది. విదేశీ ఇంప్లాంట్ల ధర అందుకోలేని మనవాళ్ల కోసం ముంబయి వైద్యుడు రూపిన్ షా దేశీయంగా ఒకటి రూపొందించారు. ఉదయం వేళ చేసిన పరీక్షలో టెస్టోస్టిరాన్ నిజంగా తక్కువని తేలినవాళ్లకే ఆ హార్మోను ఇస్తారు, అది అందరికీ ఇచ్చే టానిక్ కాదు. పిల్లలు కావాలనుకునేవాళ్లు అయితే అసలు ముట్టుకోకూడదు, వీర్యకణాలు పడిపోతాయి.

మందు లేకుండా బాగుపడినవాళ్లూ ఉన్నారు. ఇటలీలోనే, స్తంభన లోపం ఉన్న 110 మంది బరువెక్కిన మగవాళ్లను రెండేళ్లు గమనించి 2004లో ఫలితం రాశారు. సగం మందికి తిండి, వ్యాయామం దగ్గరుండి నేర్పారు, మిగతా సగానికి మామూలు సలహాలిచ్చి వదిలేశారు. మొదటి గుంపులో 31 శాతం మందికి స్తంభన మళ్లీ మామూలు స్థితికొచ్చింది. రెండో గుంపులో 5 శాతం మందికే. పొద్దున్నే కృష్ణ ఒడ్డున అరగంట చురుకుగా నడవమని మన డాక్టరు షుగర్ కోసం చెబితే చెవిన పెట్టని మనిషి, ఈ అంకె వింటే వింటాడేమో.

తెలుగునాట ఈ సంగతులు సూటిగా చెప్పినవాళ్లు లేకపోలేదు. విజయవాడలో డాక్టర్ గోపరాజు సమరం, నాస్తికోద్యమ నాయకుడు గోరా కుమారుడు, స్వాతి వారపత్రికలో ఏళ్ల తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. ఊరూ పేరూ లేకుండా వచ్చిన ఉత్తరాలకు ఆయన దాపరికం లేని శాస్త్రం చెప్పారు. ఆ పేజీని దిండు కింద దాచుకుని చదివిన తరం ఇప్పుడు అరవైల్లో ఉంది. కాగితం మీద అడగగలిగిన మనిషి ఎదురుగా అడగలేకపోవడం మాత్రం అలాగే ఉండిపోయింది.

దవాఖాన గదిలో ఏం జరుగుతుందో వైద్యులందరికీ తెలుసు. వచ్చినాయన నీరసమంటాడు, నడుం నొప్పంటాడు. బీపీ చూస్తారు, చీటీ రాస్తారు. లేచి తలుపు దాకా పోయి వెనక్కి తిరుగుతాడు. “సార్, ఇంకోటి ఉండె…” ఆ క్షణంలో డాక్టరు తల ఎత్తి, “కూర్చో పెద్దాయనా, చెప్పు” అంటే ఆ మనిషి బతుకు ఒక మలుపు తిరుగుతుంది. బయట నలభై మంది వరుసలో ఉన్నారని తల ఊపి పంపేస్తే మళ్లీ నోరు విప్పేసరికి ఏళ్లు పడతాయి. తప్పంతా డాక్టర్లదీ కాదు. మన ఎంబీబీఎస్ చదువులో లైంగిక ఆరోగ్యానికి ఇచ్చిన చోటు బహు తక్కువ, వాళ్లకూ అడగడం బెరుకే.

భార్య పక్షాన కూడా ఆలోచించాలి. భర్త దూరంగా పడుకుంటే ఆమెకు కారణం తెలియదు. తనలో అందం తగ్గిందనుకుంటుంది, లేదా వలస పోయిన చోట ఇంకెవరినో పెట్టుకున్నాడనుకుంటుంది. పిల్లలు లేకపోతే గొడ్రాలి మాట ఆమె మీదే పడుతుంది, గుడుల చుట్టూ తిరిగేదీ, ముడుపులు కట్టేదీ ఆమే. అసలు ఆ ఇంట్లో కలయికే జరగడం లేదని ఆమె అత్తతో చెప్పగలదా? 1955 నాటి హిందూ వివాహ చట్టం, నపుంసకత్వం వల్ల కాపురం జరగకపోతే పెళ్లిని రద్దు చేయమని కోర్టుకెక్కే హక్కు ఇచ్చింది. అయితే చికిత్సతో సర్దుకునే ఎన్నో కాపురాలు ఆ గడప దాకా పోవాల్సిన పనే లేదు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిన చోట మందు కూడా బాగా పనిచేస్తుందని ఈ వైద్యం చేసేవాళ్లు చెబుతారు. భయపడ్డ కుర్రవాడి విషయంలో అయితే సగం చికిత్స అదే.

పదేళ్లలో ఈ ప్రాంతంలో చాలా మారింది. 2016లో మహబూబ్‌నగర్‌లో వైద్య కళాశాల వచ్చింది, 2022లో వనపర్తికి, నాగర్‌కర్నూల్‌కు, 2024లో గద్వాలకు వచ్చాయి. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్ చూడాలని ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఇల్లిల్లూ తిరుగుతున్నారు. వాళ్ల చేతిలోని ఫారంలో పొగాకు, మద్యం, నడుం చుట్టుకొలత, ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉందా వంటి ప్రశ్నలున్నాయి. ఆడవాళ్లకు రొమ్ములో గడ్డల గురించి, రక్తస్రావం గురించి విడిగా ప్రశ్నలున్నాయి, ఉండాలి కూడా. మగవాడి గుండెకు మూడేళ్ల ముందు సూచన ఇవ్వగల ఈ ఒక్క ప్రశ్న మాత్రం అందులో లేదు. ఊళ్లో పుట్టి పెరిగిన ఆశా అక్కను ఆ ప్రశ్న అడగమనడం ఆమెకూ ఇబ్బందే, జవాబు చెప్పే అన్నకూ ఇబ్బందే. కానీ షుగర్ గోలీల కోసం నెలనెలా వచ్చే క్లినిక్‌లో మగ నర్సో, మెడికల్ ఆఫీసరో తలుపు వేసి అడగొచ్చు. బీపీ మిషను చేతికి చుట్టేటప్పుడు ఆ మాట కూడా కలిపితే పట్టే సమయం అర నిమిషం.

అడిగేవాళ్లు లేకపోతే మనమే చెప్పుకోవాలి. నోరు రాకపోతే కాగితం మీద రాసి డాక్టరు ముందు పెట్టినా సరే: “నాకు స్తంభన సరిగా లేదు, ఇన్ని నెలలైంది, ఈ మందులు వాడుతున్నా.” ఆ తర్వాత చేయాల్సిన పరీక్షలు పెద్దవేమీ కావు. బీపీ, పరగడుపు షుగర్, మూడు నెలల సగటు షుగర్, కొలెస్టరాల్, అవసరమైతే పొద్దున టెస్టోస్టిరాన్, నలభై దాటినవాళ్లకు ఒక ఈసీజీ. వీటిలో చాలా పరీక్షలకు ప్రభుత్వ దవాఖానలో రూపాయి తీసుకోరు.